మూడాకుల మేత... ముచ్చటైన ఎరువు!

కోనసీమ అనగానే కొబ్బరాకుల గలగలలు, కాలువ గట్లు, ఆత్రేయపురం పూతరేకులు గుర్తొస్తాయి. ఈసారి అటు వెళ్తే మాత్రం చూపు కాస్త కిందికి దించండి. వరి కోసిన మడిలో నేలను అల్లుకున్న ఓ చిన్న తీగ ఉందేమో వెతకండి. దాని పేరు పిల్లిపెసర. గేదెకు మేతా అదే... పొలానికి ఎరువూ అదే!

రాజమండ్రి నుంచి వచ్చేవాళ్లు జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటితే రావులపాలెం. కొత్తపేట, అంబాజీపేట మీదుగా అమలాపురం. వైనతేయ దాటితే రాజోలు. దారి పొడవునా ఓ పక్క కొబ్బరితోట, మరో పక్క వరిచేను. మధ్యలో పశువుల పాక, దాని పక్కనే గడ్డిమేటు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలువల సీమలో వరికి తిరుగులేకుండా పోయింది. సార్వా, దాళ్వా... ఏటా రెండు పంటలు.

గడ్డికి కొదవ లేదు. కానీ ఎండుగడ్డి గేదె కడుపు నింపుతుంది గానీ పాలచెంబు నింపదు. అందులో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లే. ఆ లోటు తీర్చేది పిల్లిపెసర లాంటి పచ్చిమేతే.

వేళ్లలో కర్మాగారం

పిల్లిపెసర మొక్కను మెల్లగా పీకి చూస్తే వేళ్లకు చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు. వాటిలో ఉండే రైజోబియం అనే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయి. కొంత మేసి పాలుగా మారుతుంది, కొంత పేడగా తిరిగొస్తుంది. మిగిలిన రొట్టను దున్నేస్తే తర్వాతి వరికి ఎరువవుతుంది.

ఇదే నత్రజని కోసం కొనేది యూరియా. 45 కిలోల బస్తాలో నత్రజని 21 కిలోల లోపే. అందులోనూ కొంత గాలిలో కలిసిపోతే, కొంత నీటి వెంట మురుగు కాలువల పాలవుతుంది. మన దేశంలో యూరియా తయారీకి ముడిసరుకు సహజవాయువు. అది రాజోలు ప్రాంతపు నేల కిందా ఉంది. ఓఎన్‌జీసీ దాని కోసం బావులు తవ్వింది. కర్మాగారం విపరీతమైన వేడి, ఒత్తిడితో చేసే పనిని నేల పైన ఈ తీగ చప్పుడు లేకుండా చేసుకుపోతోంది!

అక్కడ క్లోవర్... ఇక్కడ ఇది

న్యూజిలాండ్ పాడి రైతులు గడ్డిభూముల్లో గడ్డితో కలిపి క్లోవర్ పెంచుతారు. అదీ మూడాకుల మొక్కే, వేళ్లకు బుడిపెలుండేదే. యూరియా వాడకం పెరిగి వాగులు, చెరువులు పాడవుతున్నాయని 2021 జులై నుంచి అక్కడి ప్రభుత్వం గడ్డిభూములకు హద్దు పెట్టింది. హెక్టారుకు ఏడాదికి 190 కిలోల రసాయన నత్రజని మించకూడదు. దాంతో క్లోవర్ విలువ మళ్లీ పెరిగింది. ఆ జాతిదే అయిన బర్సీమ్ పంజాబ్, హర్యానాల్లో చలికాలపు మేత. కోనసీమ ఉక్కపోతకు మాత్రం పిల్లిపెసరే సరి.

మరి ఎందుకు తగ్గింది?

వరి కోతకు ముందే పదును మీద విత్తనం చల్లడం పాత పద్ధతి. కోత అయ్యేసరికి మొలకలు లేచేవి. ఇప్పుడు కోత యంత్రం చక్రాల కింద అవి నలిగిపోతాయి. సార్వా వెంటనే దాళ్వా వేస్తే తీగకు చోటుండదు. దాళ్వా తర్వాత చల్లుదామంటే వేసవిలో కాలువలు కట్టేస్తారు. మడిలో నీళ్లు నిలిస్తే మొక్క కుళ్లిపోతుంది. పెట్టుబడి పెరిగి, ధర గిట్టక 2011లో సార్వా సాగుకే విరామం ప్రకటించిన రైతుల సీమ ఇది. ఇక్కడ బస్తా యూరియా మిగిలినా మిగులే.

దారి లేకపోలేదు. దాళ్వా కోశాక పదును ఆరకముందే చల్లుకోవచ్చు. కొబ్బరితోటల్లోనైతే తొలకరికి వేసి కలియదున్నొచ్చు. మేపేటప్పుడు ఒక్క జాగ్రత్త... పచ్చి కాయజాతి మేత ఒక్కటే కడుపునిండా పెడితే పశువుకు ఉబ్బరం వస్తుంది. ఎండుగడ్డితో కలిపే పెట్టాలి.

అంటే గడ్డిమేటుకూ పని తప్పదన్నమాట. కాకపోతే దానికి ఓ పచ్చని తోడు కావాలి. అది ఎరువుల కొట్లో దొరకదు... పొలంలోనే మొలవాలి!