సహస్రచంద్రదర్శనం – శ్రోతృధర్మం

మానవుడు వేయి పూర్ణచంద్రులను దర్శించిన పిమ్మట శాంతికర్మ ఆచరించడం మన సంప్రదాయం. ఎనభై సంవత్సరాలు నిండి మరికొన్ని మాసాలు గడిచేసరికి ఆ సంఖ్య పూర్తి అవుతుంది. నాడు పుత్రపౌత్రులు కలశస్థాపన గావించి, హోమం జరిపించి, వృద్ధదంపతులకు అభిషేకం చేయిస్తారు. ఆ అభిషేకవేళ పెద్దలను ఎవరూ ఏమీ కోరరు. వారి ఉనికియే ప్రసాదమని భావించి పాదాలకు నమస్కరిస్తారు. లోకం కళాకారుని పట్ల మాత్రం ఈ మర్యాదను పాటించదు. వేయి పున్నములు చూచిన గాయకుని ఎదుట నిలిచి, "నీవు యౌవనంలో పాడినదే మరల పాడు" అని అడుగుతుంది. అతడు నూతనసృష్టిని చేతబట్టుకొని వస్తే ఆనందించాలో, అభ్యంతరపెట్టాలో తెలియక తికమకపడుతుంది. ఈ తికమక సంగీతప్రియులకు మాత్రమే చెందినది కాదు. సాధకుని శ్రవణానికి సంబంధించిన ఒక సూక్ష్మదోషం ఇందులో దాగి ఉన్నది.

1943వ సంవత్సరంలో జన్మించిన ముగ్గురు సంగీతకారులను ఇందుకు ఉదాహరణగా గ్రహించవచ్చు. మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్ ఇంగ్లండులో పుట్టినవారు. 1962లో ఏర్పడిన రోలింగ్ స్టోన్స్ అనే రాక్ సంగీతబృందానికి నేటికీ వారే మూలస్తంభాలు. మూడవవారు తమిళనాట పణ్ణైపురం అనే గ్రామంలో పుట్టిన ఇళయరాజా. మార్గాలు వేరు, సంస్కారాలు వేరు. అయినా ముగ్గురూ వేయి పున్నముల ప్రాయానికి అటూఇటూగా లోకం ముందు నూతనరచనలను ఉంచారు.

రోలింగ్ స్టోన్స్ బృందం 2023 అక్టోబరు 20న 'హ్యాక్నీ డైమండ్స్' అనే సంపుటాన్ని వెలువరించింది. స్వీయరచనలతో కూడిన సంపుటం వారి నుండి రావడం 2005 తరువాత అదే ప్రథమం. దాదాపు ఆరు దశాబ్దాలు ఆ బృందానికి లయాధారమైన డ్రమ్స్ వాద్యకారుడు చార్లీ వాట్స్ 2021 ఆగస్టులో మరణించారు. ఆయన జీవించి ఉండగా వాయించిన రెండు పాటలు ఈ సంపుటంలో చేరాయి. అభిమానుల స్పందన మిశ్రమంగా వచ్చింది. కొన్ని దశాబ్దాలలో ఇంతటి సంపుటం రాలేదని పొంగిపోయినవారు ఉన్నారు. మెరుగు ఎక్కువై పూర్వపు గరుకుదనం పోయిందని నొచ్చుకొన్నవారూ ఉన్నారు. వాట్స్ లేని బృందం అసలు ఆ బృందమేనా అని ప్రశ్నించినవారూ ఉన్నారు.

2024 ఏప్రిల్ 28న అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో వారి గానయాత్ర ఆరంభమైంది. ఆ యాత్రకు పోషకసంస్థగా నిలిచినది ఏఏఆర్‌పీ. ఏబది ఏండ్లు పైబడినవారి క్షేమం కోసం పనిచేసే అమెరికా సంస్థ అది. ఒకనాడు యువకుల తిరుగుబాటుకు ప్రతీకగా నిలిచిన గానానికి నేడు విశ్రాంతజీవుల సంస్థ అండ! కాలపురుషుని పరిహాసం సున్నితమైనది. యాత్ర పేరు నూతనసంపుటానిదే అయినా, వేదికపై ఆ పాటలు కొన్ని మాత్రమే వినిపించాయి. అధికభాగం పాతవే. సభాంతంలో 1965 నాటి 'సాటిస్‌ఫ్యాక్షన్' తప్పనిసరి. తృప్తి దొరకడం లేదని యౌవనంలో మొరపెట్టుకొన్న పాట అది. పాడినవానికి ఎనభై నిండినా శ్రోతకు తృప్తి కలుగలేదు, మరల అదే కోరాడు.

ఇక మనకు సమీపమైన ఉదాహరణ. 1976లో 'అన్నక్కిళి' చిత్రంతో ఆరంభించి వేయికి పైగా చలనచిత్రాలకు సంగీతం కూర్చిన ఇళయరాజా, 2025 మార్చి 8న లండన్‌లోని ఈవెంటిమ్ అపోలో మందిరంలో 'వాలియంట్' అనే తమ సింఫనీని వినిపించారు. మికెల్ టామ్స్ నిర్దేశంలో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా దానిని వాయించింది. సింఫనీ అంటే సాహిత్యం లేని బృహత్ వాద్యప్రబంధం. అనేక వాద్యాలు వేర్వేరు స్వరపంక్తులను ఏకకాలంలో నడుపుతూ నాలుగు భాగాలలో ఒకే భావాన్ని విస్తరింపజేస్తాయి. పల్లవి ఉండదు. పాడుకొనడానికి పదం ఉండదు. సినిమాలోని సన్నివేశం ఉండదు. శ్రోత పట్టుకొనడానికి పూర్వపరిచయమనే ఊతకర్ర ఏదీ లేదు.

తెలుగువారు ఇళయరాజాను పరాయివారిగా ఎన్నడూ భావించలేదు. 'సాగరసంగమం', 'రుద్రవీణ' చిత్రాల సంగీతానికి ఆయనకు జాతీయపురస్కారాలు లభించాయి. 'రుద్రవీణ' గీతాలను రచించిన సిరివెన్నెల సీతారామశాస్త్రిగారు విశాఖకు పొరుగున ఉన్న అనకాపల్లిలో పెరిగి పెద్దవారయ్యారు. కనుక లండన్ వార్త విశాఖలో ఇంటివార్త వలెనే వినబడింది. గర్వించనివారు లేరు. అయితే గర్వించినవారిలో అనేకుల మనస్సులో ఒక ప్రశ్న మెదిలింది: "అంతా బాగున్నది, కాని మన పాటలు వాయించారా?"

ఉక్కునగరంలో నివసించిన ఒక విశ్రాంత ఉద్యోగి ప్రశ్న కూడా అదే. 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారంలో, కోక్ ఓవెన్ల విభాగంలో ఆయన మూడు షిఫ్టుల కొలువు చేశారు. రాత్రి షిఫ్టు ముగించుకొని ప్రాతఃకాలాన ఇల్లు చేరేసరికి వంటింట్లో టేప్‌రికార్డర్‌పై 'గీతాంజలి' పాటలు మ్రోగుతూ ఉండేవి. ఆ క్యాసెట్ గృహిణికి ప్రాణం. ఆమె గతించి మూడేండ్లయింది. కుమార్తె లండన్‌లో ఉద్యోగం చేస్తున్నది. ఆమె ఆ సభకు వెళ్ళి, మరునాడు తండ్రికి ఫోన్ చేసింది.

"నాన్నగారూ, మొదటి భాగంలో మనకు తెలిసిన పాట ఒక్కటీ లేదు."

"మరి ఏం విన్నావమ్మా? ఆ వయస్సులో ఆయనకు ఈ శ్రమ ఎందుకు? మన పాటలు నాలుగు వినిపిస్తే జనం సంతోషించేవారు కదా!"

"తరువాత అవీ వినిపించారు. అందరూ కరిగిపోయారు, నేనూ ఏడ్చాను. కాని నాన్నగారూ, ఆ పాటలు వింటే నాకు అమ్మ కనిపిస్తుంది. మన క్వార్టర్ కనిపిస్తుంది. మీ టిఫిన్ క్యారియర్ కనిపిస్తుంది. ఆయన కనిపించరు. మొదటి భాగంలోనే నాకు ఆయన కనిపించారు."

తండ్రికి ఆ మాట రుచించలేదు. తన దాంపత్యస్మృతిని ఎవరో తప్పుపట్టినట్లు తోచింది. చాలాసేపు మౌనంగా ఉండి, భోజనవిషయాలు అడిగి, ఫోన్ పెట్టివేశారు.

ఆ అమ్మాయి తర్కశాస్త్రం చదివినది కాదు. అయినా ఆమె పలికినది తార్కికులు చేసిన విభాగమే. జ్ఞానం రెండు విధాలని వారి సిద్ధాంతం: స్మృతి, అనుభవం. కేవలం సంస్కారం నుండి పుట్టేది స్మృతి, తద్భిన్నమైనది అనుభవం. చిరపరిచితమైన పాట చెవిని తాకగానే సంస్కారం ఉద్బుద్ధమవుతుంది. శ్రోత్రేంద్రియం నిమిత్తమాత్రమై మిగిలిపోతుంది. శ్రోత పాటను వింటున్నానని తలుస్తాడు, నిజానికి తన గతాన్ని స్మరిస్తూ ఉంటాడు. కాళిదాసు ఈ రహస్యాన్ని శాకుంతలం పంచమాంకంలో నిక్షేపించాడు. హంసపదిక గానం విన్న దుష్యంతునికి, ఇష్టజనవిరహం లేకపోయినా కారణం తెలియని ఉత్కంఠ కలుగుతుంది. హృదయంలో స్థిరపడిన జన్మాంతరస్నేహాలు తెలియకుండానే స్మరణకు వస్తున్నాయని అతడు ఊహిస్తాడు. ఆ క్షణంలో హంసపదిక గాత్రసౌష్ఠవం అతనికి ముఖ్యం కాదు, తన వేదనయే ముఖ్యం.

అభినవగుప్తపాదులు రసాస్వాదానికి ఏడు విఘ్నాలను పేర్కొన్నారు. శ్రోత తన సొంత సుఖదుఃఖాలకు వివశుడైపోవడం వాటిలో ఒకటి. ఇది గంభీరమైన మాట. కన్నీరు వచ్చినంత మాత్రాన రసానుభూతి కలిగినట్లు కాదు. "నాది" అనే పరిమితిని దాటి, భావం సర్వసాధారణమైనప్పుడే అది రసం. "నా యౌవనం, నా పెండ్లి, నా ఊరు" అంటూ కార్చే కన్నీరు పవిత్రమైనదే కావచ్చు. దాని ఆధారం మాత్రం మమకారం. అభిమాని అనే పదంలోనే 'అభిమానం' ఉన్నది. వేదాంతంలో ఆ పదానికి అర్థం ఏమిటో సాధకులకు చెప్పనక్కరలేదు. సహృదయుడు వేరు, అభిమాని వేరు.

ఇక్కడ ఒక ఆక్షేపం సహజం. మన సంప్రదాయం మాత్రం నిత్యం పాతదానినే ఆవర్తనం చేయడం లేదా? ఏటేటా పుష్యబహుళపంచమినాడు తిరువయ్యారులో అవే పంచరత్నకృతులు. ప్రతి ఉదయం ఆలయంలో అదే సుప్రభాతం. వేదం స్వరం మారితేనే దోషం. మరి రాక్ గానప్రియుడు పాత పాట కోరితే తప్పేమిటి?

ఆవృత్తి దోషం కాదు. శ్రవణమననాదులకు ఆవృత్తిని శాస్త్రమే విధించింది. ఆ ఆవృత్తి ఎవరిని పోషిస్తున్నది అన్నదే పరిశీలించవలసిన అంశం. జపంలో మంత్రం అదే, జపించేవాడు మారుతూ ఉంటాడు, అతనిలోని 'నేను' క్రమంగా పలుచనవుతుంది. భోగంలోనూ పాట అదే, కాని వినేవాడు మారడానికి నిరాకరిస్తాడు, అతనిలోని 'నేను' ఘనీభవిస్తుంది. బాహ్యరూపం ఒకటే అయినా ఫలం విపరీతం. సుప్రభాతాన్ని బాల్యస్మృతి కోసం మాత్రమే వినేవానికీ, పాత చలనచిత్రగీతాన్ని కోరే అభిమానికీ ఈ అంశంలో భేదం లేదు.

విశాఖవాసులకు దీనిని సింహాచలక్షేత్రమే బోధిస్తున్నది. వరాహలక్ష్మీనృసింహస్వామి ఏడాది పొడుగునా చందనావృతుడై లింగాకృతిలో దర్శనమిస్తాడు. వైశాఖశుద్ధతదియనాడు మాత్రమే చందనాన్ని ఒలిచి నిజరూపాన్ని చూపుతారు, మరల చందనసమర్పణ చేస్తారు. చందనం తప్పు కాదు, అది సేవ. భక్తుల ప్రేమయే పూతగా స్వామిపై నిలుస్తుంది. అయితే చందనమే స్వామి అని భ్రమించకుండా సంప్రదాయం ఒక దినాన్ని కేటాయించింది. పాత పాటలపై శ్రోతలు తమ జీవితాలను పూతపూతగా అలది ఉంచారు. పెండ్లిపందిళ్ళు, షిఫ్టు బస్సులు, కోల్పోయిన ఆప్తులు, అన్నీ ఆ చందనంలో ఉన్నాయి. నూతనరచనపై ఇంకా ఏ పూతా లేదు. కనుకనే అది అపరిచితంగా, కొంత కఠినంగా తోస్తుంది. నిజరూపదర్శనం ఎన్నడైనా అపరిచితమే.

చందనం ఒలవడానికి అభిమాని ఎందుకు వెనుకాడతాడు? భయం చేత. బృందంలో ఒకరు మరణించారు, మూలస్తంభాలైన ఇద్దరికి ఎనభై దాటింది, వారు పాతదే పాడుతున్నంతకాలం తన యౌవనమూ చెదరలేదని శ్రోత నమ్ముతాడు. యయాతి కథ ఇదే. శుక్రశాపం వలన జరాపీడితుడైన ఆ రాజు కుమారుల యౌవనాన్ని యాచించాడు. నలుగురు నిరాకరించారు, పూరువు ఇచ్చాడు. వేయేండ్లు భోగించి, భోగం చేత కోరిక శమించదని గ్రహించి, యయాతి ఆ యౌవనాన్ని తిరిగి ఇచ్చివేశాడు. నేటి అభిమాని గాయకుని నుండి యౌవనాన్ని యాచిస్తున్నాడు. పూరువు యువకుడు కనుక ఇవ్వగలిగాడు. ఇక్కడ యాచింపబడుతున్నవాడే వృద్ధుడు.

ఆ వృద్ధుడు మాత్రం గతాన్ని తన ఆస్తిగా పట్టుకొని కూర్చోలేదు. అది ప్రశంసనీయం. నూతనరచన ఉత్తమమైనదని ముందుగానే తీర్పు చెప్పాలని దీని అర్థం కాదు. ప్రాచీనుల నాటకాలుండగా వర్తమానకవి కృతికి ఆదరమేల అన్న ప్రశ్నను 'మాళవికాగ్నిమిత్రం' ప్రస్తావనలోనే కాళిదాసు ఎదుర్కొన్నాడు. పాతదనం గుణానికి ప్రమాణం కాదు, కొత్తదనం దోషానికి ప్రమాణం కాదు, పరీక్షించి గ్రహించాలని అతని సమాధానం. భాసుని ముందు నాడు అర్వాచీనుడైన కాళిదాసే నేడు మనకు ప్రాచీనుడు! విని, నచ్చలేదని చెప్పే శ్రోతకు ఆ అధికారం ఉన్నది. వినకుండానే పాతది చాలునన్నవానికి లేదు.

ఉక్కునగరపు ఆ పెద్దాయన లండన్ సింఫనీని వినలేకపోయారు. ముద్రణలో కాక సభలో ప్రత్యక్షంగా వినవలసినదని స్వరకర్త కోరినట్లు ఆయనకు తెలుసు. కొన్ని దినాల తరువాత, ఒక మధ్యాహ్నం, ఆ పాత 'గీతాంజలి' పాటలనే మరల పెట్టుకొన్నారు. ఈసారి వంటింటిని తలచుకొనకుండా వినాలని ప్రయత్నించారు. మొదటి పాటలో సాధ్యం కాలేదు, కన్నీరే వచ్చింది. రెండవ పాటలో, గాత్రం క్రింద బాస్ గిటార్ వేరొక దారిలో నడుస్తున్నట్లు గమనించారు. చరణానికి ముందు వయొలిన్లు గాయకుడు పాడని మరొక పాటను పాడుతున్నాయి. ముప్పదియైదేండ్లుగా అవి అక్కడే ఉన్నాయి. ఆ రాత్రి కుమార్తెకు ఫోన్ చేసి, "అమ్మకు ఈ వయొలిన్లు వినిపించేవేమోనమ్మా, అందుకే అన్నిసార్లు పెట్టుకొనేది. నేనే ఎప్పుడూ అడగలేదు" అన్నారు. స్మృతి తొలగిపోలేదు. అందులోకి ఒక అనుభవం ప్రవేశించింది, ఆ వెలుగులో గతించిన ఇల్లాలు కూడా ఆయనకు కొంత కొత్తగా తెలిసింది.

సాధకులు దీనిని ఒక చిన్న నియమంగా స్వీకరించవచ్చు. నిత్యం పఠించే స్తోత్రంలో, నిత్యం వినే సుప్రభాతంలో, దినానికి ఒక్క పదాన్ని పూర్వపరిచయం లేనిదానివలె వినాలి. అలవాటు చేత నోటికి వచ్చిన నామాన్ని ఒక్కసారి ఆపి, అర్థం విచారించి, మరల పలకాలి. ఇంట వేయి పున్నములు చూచిన పెద్దలు ఉంటే, వారు పలుమార్లు చెప్పిన కథనే మరల చెప్పమనడంతో సరిపెట్టక, ఈ దినం వారి మనస్సులో ఏమున్నదో అడిగి, ఓపికగా వినాలి. వారివద్ద ఇంకా కొత్త మాట ఉండవచ్చును.

స్వస్తి.