వేలి కొసన అవర్నమ్

కంప్యూటర్ గేమ్ అనగానే తుపాకీ చప్పుళ్లూ కార్ల పందేలూ గుర్తొచ్చే వాళ్లకు ఈ రోల్‌ప్లేయింగ్ గేముల సంగతి కొంచెం చెప్పాలి. వీటిలో మనం ఒక పాత్రనో, నలుగురైదుగురి జట్టునో తయారు చేసుకుని ఊళ్లు తిరుగుతాం. ఎదురైన వాళ్లతో మాట్లాడతాం. వాళ్లు చెప్పేదంతా చదవాలి, ఏం జవాబివ్వాలో ఆలోచించుకోవాలి. పోట్లాట వచ్చినా చాలా ఆటల్లో వంతులవారీగానే. మన వంతు వచ్చాక మనం ఎంతసేపు ఆలోచించినా శత్రువు కదలకుండా నిలబడే ఉంటాడు. ఒక్కో ఆట తేలడానికి నెలలు పట్టొచ్చు. వీటిలో పెద్ద కంపెనీల తాహతు లేకుండా కొద్దిమంది కూర్చుని చేసుకునే ఇండీ ఆటలంటే నాకు ప్రాణం. వాటిని టాబ్లెట్ల మీదికి తేవాలా వద్దా అన్న వాదన ఐప్యాడ్ పుట్టినప్పటి నుంచీ ఉంది. తేవాలనే పక్షం నాది. కాకపోతే తేవడమంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి.

అమెరికాలోని సియాటిల్‌లో జెఫ్ వోగెల్ అనే ఆయన 1994లో స్పైడర్‌వెబ్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న సంస్థ పెట్టాడు. ఆ మరుసటి ఏడాది వచ్చిన ‘ఎగ్జైల్’ అనే ఆటను తర్వాత ‘అవర్నమ్’ పేరుతో తిరగరాశాడు, 2011లో మళ్లీ కొత్తగా చేశాడు. కథ సులువుగా చెప్పొచ్చు. నేల మీద ఒక సామ్రాజ్యం ఉంటుంది. తనకు గిట్టనివాళ్లను, ఎదురు చెప్పినవాళ్లను భూమి కింది గుహల్లోకి తోసేస్తుంది. వెనక్కి రావడానికి దారి ఉండదు. ఆ చీకట్లోనే పుట్టగొడుగులు పండించుకుంటూ, బల్లుల్లాంటి జంతువుల్ని మేపుకుంటూ, కోటలు కట్టుకుని జనం బతుకుతుంటారు. బొమ్మలు సాదాసీదాగా ఉంటాయి. బలమంతా రాతలోనే. ఓ మారుమూల గ్రామంలో కొట్టు పెట్టుకున్న మనిషి కూడా తనను కిందికి ఎందుకు తోశారో చెబుతాడు, ఆ నాలుగు వాక్యాల కోసం ఆ ఊరు వెతుక్కుంటూ వెళ్లబుద్ధవుతుంది.

ఇలాంటి ఆట బల్ల ముందు వీపు నిటారుగా పెట్టి ఆడాల్సింది కాదు. రాత్రి అన్నాలయ్యాక మంచం మీద దిండుకు చేరగిలబడి, నవల చదివినట్టు ఆడాల్సింది. మన ఇళ్లలో చాలామందికి కంప్యూటరంటే ఆఫీసు పని. అది మూసేశాక దాని ముందుకే మళ్లీ ఆటకని వెళ్లడానికి మనసొప్పదు. 2010 ఏప్రిల్లో ఐప్యాడ్ అమ్మకానికి వచ్చినప్పుడు తొమ్మిది అంగుళాల పైచిలుకు ఉన్న ఆ తెర ఈ ఆటల కోసమే చేశారా అనిపించింది. వోగెల్‌కూ అలాగే తోచిందేమో, 2011లో తన మరో ఆట ‘అవడాన్’ని, తర్వాత కొత్త అవర్నమ్‌ని ఐప్యాడ్‌కు తెచ్చాడు.

అయితే మౌసు చేసే పని వేలు చేయలేదు. మౌసు బాణాన్ని ఒక పెట్టె మీదికి తీసుకెళ్లి ఊరికే ఆపితే చాలు, అందులో ఏముందో పక్కన పేరు పడుతుంది. నొక్కకుండానే చూడొచ్చు. వేలికి ఆ మధ్యస్థితి లేదు. తాకిందా, పని జరిగిపోయినట్టే. కత్తి పేరు చదువుదామని తాకితే కత్తి చేతికొచ్చేస్తుంది. తలుపు దగ్గర నిలబడ్డ కాపలావాణ్ణి పలకరిద్దామని తాకితే జట్టంతా తలుపు తోసుకుని లోపలికెళ్తుంది. పైగా దేన్ని తాకుతున్నామో అది వేలి కిందే దాగిపోతుంది. కంప్యూటర్ తెర మీద వేలిగోరంత ఉన్న బటన్ టాబ్లెట్ మీద గోరులో సగం అవుతుంది. దీన్ని సరిచేయాలంటే బటన్లు పెంచితే సరిపోదు. ఏది ఒకసారి తాకితే చాలు, దేన్ని కాసేపు నొక్కి పట్టాలి, దేనికి రెండోసారి అడగాలి అన్నది ఆట మొత్తం కూర్చుని మళ్లీ ఆలోచించాలి. అక్షరాల సైజు దగ్గర మరీ జాగ్రత్తపడాలి. చదవడమే ప్రాణమైన ఆటలో కళ్లు చికిలించుకోవాల్సి వస్తే ఆ తేవడం వృథా.

అందుకే అన్ని ఆటలకూ ఇది నప్పదంటాను. కెనడాలోని బీమ్‌డాగ్ అనే స్టూడియో, 1998 నాటి ‘బాల్డర్స్ గేట్’ను బాగుచేసి 2012 డిసెంబరులో ఐప్యాడ్‌కు తెచ్చింది. గొప్ప ఆట, తెచ్చినవాళ్లు శ్రద్ధగానే తెచ్చారు. కానీ అందులో పోట్లాటలు వంతులవారీగా కనిపించవు. అందరూ ఒక్కసారే కదులుతారు, మనం మధ్యమధ్య ఆపి ఆజ్ఞలివ్వాలి. నాష్కెల్ గనుల్లోకి ఆరుగురిని తీసుకెళ్లి చూడండి. సొరంగం సన్నగా ఉంటుంది. అవతల చీకట్లోంచి కోబోల్డులనే మరుగుజ్జు జీవులు బాణాలేస్తుంటాయి. మనవాళ్లు ఒకరి వెనక ఒకరు ఇరుక్కుని ఉంటారు. వెనకున్న మంత్రగత్తెను వెనక్కి లాగాలని వేలు పెడితే ముందున్న యోధుడు ఎంపికవుతాడు. సరిచేసేలోపు రెండు బాణాలు దిగుతాయి. వేళ్లతో తెరను పెద్దది చేసుకునే వీలుంది, నిజమే. పెద్దది చేస్తే బాణాలెక్కడి నుంచి వస్తున్నాయో కనపడదు. ఇలాంటి ఆటలు మౌసుతోనే బాగుంటాయి.

వంతులవారీ ఆటలకు వేలి చిక్కులు ఓపికతో తీరతాయి. ఓపికకు లొంగని చిక్కు ఇంకొకటుంది. కంప్యూటర్ మీద ఆట అమ్మడం సొంత స్థలంలో ఇల్లు కట్టుకోవడమైతే టాబ్లెట్ మీద అమ్మడం అద్దె కొంపలో కాపురం. ఇంటాయన ఏటా గోడలు మారుస్తాడు, మన సామాను మనమే సర్దుకోవాలి. విండోస్ మీద ఇరవై ఏళ్ల కిందటి ఆట కొంచెం కుస్తీ పడితే ఇవాళ కూడా తెరుచుకుంటుంది. ఐప్యాడ్ మీద అలా కాదు. 2015లో సిస్టం కొత్త వర్షన్‌తో తన ఆటలకు ఇబ్బందులు రావడంతో వోగెల్ రెండో అవర్నమ్‌ను ఐప్యాడ్‌కు తేవడం మానుకున్నాడు. 2017లో ఆ సిస్టం కొత్త వర్షన్ ఐఓఎస్ 11 వచ్చినప్పుడు పాత 32 బిట్ల యాప్‌లన్నీ ఒక్క దెబ్బతో పనిచేయడం మానేశాయి. తిరగరాసే తీరిక లేని చిన్న సంస్థల ఆటలు, డబ్బిచ్చి కొన్నవాళ్ల చేతుల్లోనే పోయాయి. నలభై గంటలు నడిపిన కథ, పెంచుకున్న జట్టు, ఎవరూ తప్పు చేయకుండానే పోవడం నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది. పుస్తకాన్ని అచ్చేసినవాడు ఏటా వచ్చి మళ్లీ కుట్టు వేయకపోతే అక్షరాలు చెరిగిపోతాయంటే ఒప్పుకుంటామా?

వోగెల్ 2019లో ‘క్వీన్స్ విష్’ అనే ఆటతో మళ్లీ ఐప్యాడ్‌కు వచ్చాడు. నేను సంతోషించాను. మధ్యలో రానందుకు ఆయన్ని తిట్టినవాళ్లతో మాత్రం నేను కలవను. కొద్దిమందితో నడిచే సంస్థ ఒక కొత్త ఆట రాయాలా, పాత ఆటకు ఏటా మరమ్మతులు చేయాలా అన్నప్పుడు కొత్త ఆట రాయడమే న్యాయం.

మరి ఇంత యాతన ఉంటే తేవడమెందుకు అంటారా? ‘కింగ్ ఆఫ్ డ్రాగన్ పాస్’ కోసం. డేవిడ్ డన్హమ్ బృందం 1999లో కంప్యూటర్‌కు చేసిన ఆట అది. గ్లొరాంథా అనే కల్పిత లోకంలో ఒక తెగను నడపాలి. చేత్తో గీసిన బొమ్మ ఒకటి తెర మీదికి వస్తుంది, కింద ఒక సమస్య. పొరుగు తెగ వాళ్లు రాత్రికి రాత్రి మన ఆవుల్ని తోలుకుపోయారు. వెంటబడాలా, పెద్దల్లో పెట్టి పరిహారం అడగాలా, దేవతకు బలిచ్చి సమయం కోసం చూడాలా? ఏడుగురు తెగ పెద్దలు తలో సలహా చెబుతారు, ఎవరి స్వభావం వాళ్లది. అక్కడ కలిమి అంటే పశువులే. ఉత్తర గోగ్రహణం వింటూ పెరిగినవాళ్లకు ఆ తెగ తగాదాలు పరాయివి అనిపించవు.

ఈ ఆట 2011లో ఐఫోన్‌కు, తర్వాత ఐప్యాడ్‌కు వచ్చింది. ఉన్నదున్నట్టు దించలేదు. తెరలన్నీ వేలికి తగ్గట్టు మార్చారు, కొత్త ఘట్టాలు రాసి కలిపారు. అన్నిటికన్నా మించి, తెర మీది రాతను పైకి చదివి వినిపించే వాయిస్‌ఓవర్‌కు అందేలా ఆటను తీర్చిదిద్దారు. దాంతో చూపు లేనివాళ్లు ఈ ఆట ఆడారు, ఇష్టపడ్డారు. పాత కంప్యూటర్ ఆటలో వాళ్లకు అడుగుపెట్టే దారి లేదు. టాబ్లెట్ మీదికి తెస్తే ఆట పలచబడిపోతుందని వాదించేవాళ్లు దీనికేమంటారో వినాలని నాకు నిజంగా ఉంది. ఆ మెరుగుపడ్డ రూపమే 2015లో తిరిగి కంప్యూటర్ మీదికి వచ్చింది. అదే లోకంలో చేసిన తర్వాతి ఆట ‘సిక్స్ ఏజెస్’ అయితే 2018లో ముందు ఐఫోన్, ఐప్యాడ్‌లకు వచ్చి, మరుసటి ఏడాది కంప్యూటర్‌కు చేరింది.

ఇప్పుడు స్టీమ్ డెక్ లాంటి చేతిలో ఇమిడే కంప్యూటర్లు వచ్చాయి కదా, కంప్యూటర్ ఆట అందులో అలాగే నడుస్తుంది కదా అని అడుగుతారు. నడుస్తుంది. ఏడంగుళాల తెర మీద పేజీలకు పేజీలు చదవడం నా కళ్లవల్ల కాదు.

ఇక మిగిలింది డబ్బు. అవడాన్ ఐప్యాడ్ మీదికి వచ్చినప్పుడు దాని ధర పది డాలర్లు. నెలల తరబడి ఆడే ఆటకు ఆ ధర ఎక్కువని గొణిగేవాళ్లను చూశాను. ఆ ధరలో ముప్పై శాతం అప్పట్లో యాప్ స్టోరుకే పోయేది, 2021 నుంచి చిన్న సంస్థలకు దాన్ని పదిహేనుకు తగ్గించారు. ఏటేటా మరమ్మతులకు అయ్యే ఖర్చు మిగిలిన దాంట్లోంచే రావాలి. ఉచితంగా ఇచ్చి మధ్యలో రత్నాలూ నాణేలూ అమ్ముకునే పద్ధతి ఈ కథల్లోకి వస్తే నేను ఆడను. అవర్నమ్ గుహల్లో దారి తెలియక నిలబడ్డప్పుడు పదిరూపాయలకు దీపం కొంటావా అని ఎవరూ అడగకూడదు.

ఐరన్ టవర్ స్టూడియో వాళ్ల ‘ఏజ్ ఆఫ్ డికడెన్స్’ 2015లో కంప్యూటర్‌కు వచ్చింది. రోమ్ పతనాన్ని తలపించే లోకం. వంతులవారీ పోట్లాటలు. కత్తి దూయకుండా మాటల మీదే ఆట చివరిదాకా నడపొచ్చు, తప్పు మాటంటే ఆ పేజీలోనే ప్రాణం పోతుంది. అలాంటి ఆట టాబ్లెట్‌కు రావాలని నాకు మహా ఆశ. వాళ్లు తేగలమనుకుంటే, తెచ్చాక నాలుగైదేళ్లయినా చూసుకోగలమనుకుంటే, కంప్యూటర్‌కు పెట్టిన ధరే దానికీ పెట్టమనండి. వచ్చిన రోజే కొంటాను.