పడుడు గూడ నేర్చుకోవాలె

ఈసారి ఇత్తనాలు, మందుల ముచ్చట కాదు. కింద పడుడు ముచ్చట. నవ్వకుండ్రి, ఆఖరిదాక చదువుండ్రి.

మొన్నటి వానకాలంల తెల్లారంగ కంది చేను చూడబోయిన. రాత్రి వాన పడ్డది, ఒడ్డు మీద కాలు జారింది. పడేటప్పుడు చెయ్యి ముందుకు పెట్టిన. ఒళ్లు బరువంత ఆ అరచెయ్యి మీదనే పడ్డది. మణికట్టు కాడ బొక్క ఇరిగింది. ఆరు వారాలు పిండికట్టు. కలుపుకు, మందు కొట్టుడుకు, ఆఖరికి ఎడ్లకు నీళ్లు పెట్టుడుకు గూడ మంది మీదనే ఆధారం. చెట్టు మీదికెళ్లి పడలే, నిలబడ్డ కాడనే పడ్డ.

దసరా సెలవులకు మా అన్న మనుమడు వచ్చిండు. హాస్టల్ల ఉండి చదువుతడు, ఆడ జూడో నేర్చుకుంటుండు. నా చెయ్యి చూసి, "తాతా, పడేటప్పుడు చెయ్యెందుకు ఆనిచ్చినవ్? మాకు మొదట్లనే అది వద్దని చెప్తరు" అన్నడు. నాకు కోపమొచ్చింది. ఆలోచన చేసుకుంట పడ్తమా ఎవరన్న? "అందుకే తాతా, ఆలోచన లేకుండనే అలవాటయ్యేదాక రోజు పడిపిస్తరు" అన్నడు. నా దగ్గర జవాబు లేదు.

మన దిక్కు జాతర కుస్తీలు యాది చేసుకోండ్రి. కొబ్బరికాయ కుస్తీతోని మొదలైతయి, వెండి కడెం కుస్తీతోని అయిపోతయి. కుస్తీల వీపు నేలకు ఆనితే ఓడినట్టే. అందుకే పహిల్వాన్ పడుకుంటనే బోర్లకు మర్లుతడు. దెబ్బ తగలకుండ ఆయనను కాపాడేది మట్టి. తాలీంల ఎర్రమట్టిని తవ్వి, రాళ్లు ఏరి, నూనె, మజ్జిగ, పసుపు కలిపి మెత్తగ చేస్తరు. జపాన్ల 1882ల జిగోరో కానో అనే గురువు మొదలుపెట్టిన జూడోల పద్ధతి వేరే. ఎదుటోణ్ని ఎత్తేసుడు కంటె ముందు తాను పడుడు నేర్పిస్తరు. దాన్ని ఉకెమి అంటరు. మన ఒడ్లు, సీసీ రోడ్లు తాలీం మట్టి కావు గద. మనకు ఇదే పనికొస్తది.

పోరడు వరిగడ్డి మందంగ పరిచి చూపిచ్చిండు. ఎనుకకు పడేటప్పుడు గదువ ఛాతికి ఆనియ్యాలె, చూపు బొడ్డు మీద ఉండాలె. అప్పుడు తలకాయ నేలకు కొట్టుకోదు. మోకాళ్లు వంచి కిందికి కూసున్నట్టు పోవాలె, వీపు గుండ్రంగ చేసి దొర్లాలె. వీపు ఆనంగనే రెండు చేతులు పక్కలకు చాపి, అరచేతుల నుంచి మోచేతుల దాక నేలను చరువాలె. ఊపిరి బిగపట్టొద్దు, ఇడువాలె. దెబ్బ ఒక్క బొక్క మీద పడకుండ ఒళ్లంత పంచుకుంటది. పక్కకు పడితే ఆ పక్క తొడ, నడుము, చెయ్యి కలిసి నేలకు తాకాలె. చెయ్యి కర్రలెక్క నిట్టనిలువు పెట్టొద్దు.

ఇది ట్రాక్టరు మీదికెళ్లి, చెట్టు మీదికెళ్లి పడ్డోనికి అక్కరకొచ్చే విద్య కాదు. నడుము నొప్పి, బొక్కల బలహీనత ఉన్నోళ్లు డాక్టరును అడగకుండ చేయొద్దు. మిగిలినోళ్లు గూడ ముందుగల గడ్డి మీద, కూసున్న కాడికెళ్లే మొదలుపెట్టాలె.

ఇంతగనం ఎందుకు చెప్తున్ననంటె, పద్దెనిమిదేండ్ల కింద మా నాయిన సానుపు చల్లిన వాకిట్ల కాలు జారి ఎల్లెలకల పడ్డడు. తలకాయ ఎనుక భాగం బండకు తాకింది. మూడో రోజు పోయిండు. గదువ ఛాతికి ఆనిచ్చి ఉంటె బతికెటోడా అంటె నేను చెప్పలేను. కని ఆయనకు ఆ మాట చెప్పినోడు ఎవ్వడు లేడు.

నాకిప్పుడు యాభై నాలుగు. రోజు పొద్దుగాల కొట్టం కాడ గడ్డి మీద పదిసార్లు పడ్తున్న. మా ఇంటామె మొదట నవ్వింది. నిన్న తానే గడ్డి పరిచింది.