గోదావరి గట్టున ముందు నడిచినవారి పండుగ

ఆషాఢ మాసంలో గోదావరి రంగు మారుతుంది. ఎగువ కొండల్లో వానలు పడి, మన్ను కరిగి, నీరు ఇటుకపొడి కలిపినట్టు అవుతుంది. "ఎర్రనీరు వచ్చిందండీ" అని గోదావరి వారు సంతోషంగా చెప్పుకుంటారు. ఆ నీటితోనే కాలువలు పారుతాయి. ఆకుమళ్లు పచ్చబడతాయి. రేవుల్లో పులస చేపల బేరాలు మొదలవుతాయి. సరిగ్గా ఈ రోజుల్లోనే ఇక్కడి క్రైస్తవ కుటుంబాలకు రెండు జ్ఞాపక దినాలు వస్తాయి. ఒకటి జూలై 24. అది కొద్దిమందికే తెలుసు. మరొకటి జూలై 31. అది లూథరన్ సంఘాలవారికి చిన్ననాటి నుండి తెలుసు. 2022లో ఈ రెండు తేదీలూ ఆదివారాలే అయ్యాయి. ఆ రెండు ఆదివారాలూ, వాటి మధ్య వారమంతా మేము పిల్లలతో సహా రాజమండ్రిలో మా పెద్దమ్మ ఇంట గడిపాము.

పెద్దమ్మ రిటైరైన పంతులమ్మ. మూడు తరాల లూథరన్ కుటుంబం. మేము ఎనిమిదేళ్ల క్రితం యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘములో, అంటే లోకం మోర్మన్లు అని పిలిచే సంఘంలో చేరాము. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. పండుగకు పిలవడం మానలేదు. కాని అంతకు ముందు భోజనానికి కూర్చోగానే "ప్రార్థన చెయ్యరా అబ్బాయ్" అనే మనిషి, ఆ తరువాత మమ్మల్ని ఎన్నడూ అడగలేదు. తానే రెండు మాటలు చెప్పి ముగించేది. మేమూ ఆ సంగతి ఎత్తలేదు.

ఎడారిలో ఒక లోయ

జూలై 24 ఏమిటో తెలియని పాఠకుల కోసం కొంచెం చెప్పాలి. విశ్వాసం నిమిత్తం ఇండ్ల నుండి తరిమివేయబడిన అమెరికా పరిశుద్ధులు 1846 ఫిబ్రవరిలో నావూ పట్టణం విడిచి పడమటికి బయలుదేరారు. బ్రిగం యంగ్ నడిపిన మొదటి గుంపు 1847 జూలై 24న ఉప్పు సరస్సు లోయలో అడుగుపెట్టింది. వారికంటే ముందు చేరినవారు అంతకు మునుపటి రోజే ఒక వాగుకు అడ్డుకట్ట వేసి, గట్టిపడిన నేల మీదికి నీళ్లు మళ్లించారు. నాగళ్లు విరిగిపోయిన ఆ నేల నానిన తరువాతే దున్నడానికి లొంగింది. ఆ లోయ చుట్టుపక్కల యూట్, షొషోనీ జాతులవారు అప్పటికే తరతరాలుగా బతుకుతున్నారన్నది కూడా మరువకూడని సంగతి. 1869లో రైలు వచ్చేలోగా సుమారు 70,000 మంది ఆ దారిన వెళ్లారు. బండ్లకు ఎద్దులు కొనలేని బీదవారు మూడు వేల మంది వరకు 1856, 1860 మధ్య చేతిబండ్లు లాక్కుంటూ నడిచారు. ఇప్పటికీ యూటా రాష్ట్రంలో ఆ తేదీ సెలవుదినం. ఊరేగింపులు, విందులు, బాణసంచా ఉంటాయి.

రాజమండ్రిలో సెలవూ లేదు, బాణసంచా లేదు. పైగా ఆ ఏడాది జూలై నడిమి వారంలో గోదావరి పొంగింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. 1986 తరువాత అంత నీరు రావడం అదే. ధవళేశ్వరం ఆనకట్ట నుండి 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి వదిలారు. కోనసీమ లంకల్లో ఇండ్లు మునిగాయి. మేము వెళ్లేసరికి నీరు తీసింది గాని గట్ల మీద తడిసిన పరుపులు, బియ్యం బస్తాలు ఎండబెట్టుకుంటూ జనం కనబడ్డారు.

తోపుడు బండి

ఇక్కడి సంఘంలో యువతీయువకులు ముందు రోజు శనివారం సాయంత్రం చేతిబండి నడిపి ఆ పాత ప్రయాణాన్ని జ్ఞాపకం చేసుకోవాలని అనుకున్నారు. అమెరికాలో ఇందుకోసం ప్రత్యేకంగా చెక్కబండ్లు చేయిస్తారట. ఇక్కడ ఆ అవసరమేముంది? అరటిపళ్లు అమ్ముకునే ఒక సహోదరుడు తన తోపుడు బండినే తెచ్చాడు. "ఆయ్, ఇది నాకు చరిత్ర కాదండీ, మా ఇంటి కూడండీ ఇది" అన్నాడు. అందరూ నవ్వారు గాని ఆ మాట మాతో నిలిచిపోయింది.

మంచు తుపానులో చిక్కుకొని 1856లో రెండు చేతిబండ్ల గుంపులలో రెండు వందల మందికి పైగా చనిపోయిన కథ పిల్లలకు చెప్పాలి. మంచు ఎలా ఉంటుందో ఈ పిల్లలకు తెలియదు. అప్పుడు అమలాపురం వైపు నుండి వచ్చిన ఒక పెద్దామె లేచి, 1996 నవంబరు 6 రాత్రి సంగతి చెప్పింది. ఆ రాత్రి తుపానుకు కోనసీమలో కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా విరిగిపడ్డాయి. చీకట్లో చంటిపిల్లను నడుముకు చీరతో కట్టుకొని స్కూలు భవనం దాకా ఎలా చేరిందో, దారిలో ఎవరు చెయ్యి అందించారో చెప్పింది. "వాళ్లకు మంచు, మాకు గాలీ నీరూ. చెయ్యి అందించడం మాత్రం ఒకటే కదండీ" అంది. పిల్లలు కదలకుండా విన్నారు. ఎక్కడో ఎడారిలో జరిగిన కథ ఆ మాటతో మన కథ అయింది.

ఆ కథలోనే మరో సంగతి ఉంది. చేతిబండ్లవారు ఇంకా దారిలోనే ఉన్నారని తెలిసిన మరుసటి రోజున బ్రిగం యంగ్ ప్రసంగవేదిక మీదనుండే వారి కోసం బండ్లు, పిండి, దుప్పట్లు కావాలని అడిగాడు. ఇది విన్నాక ఖాళీ బండి ఊరేగించడం ఎవరికీ ఇష్టం కాలేదు. విందు ఖర్చు తగ్గించి బియ్యం, దుప్పట్లు, చీరలు కొని బండి నింపారు. ఇంటికి వచ్చి ఈ సంగతి చెబితే పెద్దమ్మ ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి ట్రంకు పెట్టె తెరిచి, మడత విప్పని రెండు దుప్పట్లు తెచ్చి మా చేతిలో పెట్టింది.

మర్యాదలు

కొత్త చోట విశ్వాసం నిలబడాలంటే ఆ చోటి మర్యాదలు నేర్చుకోవాలి. గోదావరి జిల్లాలో గుమ్మం ఎక్కిన వారికి కాఫీయో టీయో ఇవ్వకపోతే ఇల్లాలికి చిన్నతనం. తాగకపోతే వచ్చినవారికి పొగరు. మా సంఘంలో ఆ రెండూ పుచ్చుకోము. "టీ ముట్టనివాళ్లు ఈ జిల్లాలో బంధుత్వాలు ఎలా నిలుపుకుంటార్రా?" అని పెద్దమ్మ మొదటి పూట నవ్వింది. ఇక్కడి సహోదరీలు దానికి మార్గం కనిపెట్టారు. గుమ్మంలోనే "అండీ, కాసిని మజ్జిగ ఇప్పించండి, ఎండన పడి వచ్చాము" అని తామే అడుగుతారు. అడిగి పుచ్చుకుంటే ఇల్లాలికి గౌరవం, మనకు నియమం. రెండవ రోజునుండి పెద్దమ్మ ఇంట్లో మాకు అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ సిద్ధంగా ఉండేది.

ఆరాధనలో పాశ్చాత్య స్వరాల గీతాలు పాడతారు. విందు దగ్గర మాత్రం పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు వాటంతట అవే వస్తాయి. 1803లో పుట్టి తెలుగు రాగాలలో క్రీస్తును పాడిన ఆ భక్తుడు ఏ ఒక్క సంఘానికీ చెందడు.

1847 గోదావరిలో కూడా

సోమవారం పిల్లలను ధవళేశ్వరం తీసుకెళ్లాము. ఆర్థర్ కాటన్ ఇక్కడ ఆనకట్ట పని మొదలుపెట్టినది 1847లోనే. అవతల ఎడారిలో వాగుకు అడ్డుకట్ట వేసిన ఏడే, ఇవతల మహానదికి అడ్డుకట్ట. 1852కు పని పూర్తయింది. నాలుగు పాయల మీద మూడున్నర కిలోమీటర్లకు పైగా కట్టిన ఆ కట్టడం వల్లనే కరువులతో చితికిన ఈ డెల్టా ధాన్యపు గాదె అయింది. పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు. మరొక వింత ఏమంటే, కాటన్ 96 ఏళ్ల వయసులో ఇంగ్లండులో కన్నుమూసినది 1899 జూలై 24న. డెల్టాలో ఊరూరా ఆయన విగ్రహాలున్నాయి. గోదావరి స్నాన సంకల్పంలో కాటన్ దొరను తలిచే పురోహితులు ఉన్నారని ఇక్కడివారు చెబుతారు. ఒక క్రైస్తవ ఇంజనీరుకు హిందూ సోదరులు ఇచ్చిన ఆ గౌరవాన్ని మనం తలవంచి గమనించాలి.

అయితే మ్యూజియం చూస్తున్నప్పుడు మా అమ్మాయి అడిగింది: "రాళ్లు మోసింది ఎవరు?" మంచి ప్రశ్న. కాటన్ పక్కన నిలిచి పని నడిపించిన వీణం వీరన్న గారి పేరు గోదావరి వారికి తెలుసు. మిగిలిన వేలాది కూలీల పేర్లు చెప్పేవారు లేరు. 1847లో యూటా చేరిన మొదటి గుంపులో కూడా గ్రీన్ ఫ్లేక్, హార్క్ లే, ఆస్కర్ క్రాస్బీ అనే ముగ్గురు నల్లజాతి బానిసలు ఉన్నారు. వారి పేర్లను జనం గౌరవంగా తలచుకోవడానికి చాలా కాలం పట్టింది. ముందు నడిచినవారందరూ గుర్రం మీద వెళ్లలేదు.

హయ్యర్ గారి దినం

జూలై 31 ఉదయం పెద్దమ్మ కంటే ముందే మేము తయారయ్యాము. "మీరూ వస్తారా?" అని ఆశ్చర్యపోయింది. లూథరన్ దేవాలయంలో హార్మోనియం, తబలాతో కీర్తనలు పాడారు. ప్రసంగం ఫాదర్ హయ్యర్ గారి గురించి. 1842 జూలై 31న ఆయన గుంటూరు చేరారు. రాజమండ్రి పనిని ఉత్తర జర్మనీ మిషను వారు 1845లో ప్రారంభించారు. తరువాత అది అమెరికా లూథరనుల చేతికి వచ్చింది. 1869లో పనివారు లేక రాజమండ్రిని మరొక మిషనుకు అప్పగించే ఆలోచన చేసినప్పుడు, హయ్యర్ గారు 76 ఏళ్ల వయసులో మళ్లీ ఓడ ఎక్కి వచ్చారు. ఆ ముసలాయన రాకుంటే రాజమండ్రిలో ఈ సంఘ చరిత్ర మరోలా ఉండేది.

దారిలో పెద్దమ్మ అడిగింది: "మరి మీ సంఘంలో మన తెలుగువాళ్లలో మొదట నడిచిందెవర్రా?" చెప్పాము. 1853లో రిచర్డ్ బాలంటైన్ తోటివారితో మద్రాసు వచ్చి, కొద్దిమందినే సంపాదించి మరుసటి ఏడు తిరిగి వెళ్లారు. ఆ తరువాత నూరేళ్లకు పైగా తెలుగు నేలలో ఏమీ లేదు. 1978 డిసెంబరులో సమోవా దీవుల్లో ఉండే ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు హైదరాబాదులోని తమ బంధువుల మధ్యకు వచ్చారు. 22 మంది బాప్తిస్మం పొందారు. మోర్మను గ్రంథాన్ని తెలుగు చేసినది ఎల్సీ గారి తండ్రి, బాప్టిస్టు పాదిరి పి. శ్రీనివాసం గారు. 2012లో భారతదేశంలోని మొదటి స్టేకు హైదరాబాదులోనే ఏర్పడింది. "బాప్టిస్టు పాదిరి గారా?" అని పెద్దమ్మ కాసేపు ఆలోచనలో పడింది. ఒక సంఘం గట్టు తెగకుండానే మరో సంఘానికి నీళ్లు పారవచ్చునని ఆమెకు తోచిందేమో.

నరసాపురం రేవు

మధ్యాహ్నం అందరం కలిసి పాలకొల్లు మీదుగా నరసాపురం వెళ్లాము. ఈ డెల్టాకు ఇంకా ముందు నడిచినవారు విలియం బౌడెన్, జార్జి బీర్. ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట 1836లో ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుండి భార్యలతో వచ్చారు. ఒకరు రాళ్ల పని చేసేవాడు, మరొకరు చెప్పులు కుట్టేవాడు. పెద్ద చదువుల వారు కాదు. తెలుగు నేర్చుకున్నారు, ఈ ఎండలు భరించారు, ఇక్కడే జీవితాలు ధారపోశారు. చెప్పులు కుట్టే చేతులను చిన్నచూపు చూసే దేశంలో, అటువంటి చేతులతోనే వాక్యం రావడం దేవుని ఏర్పాటు కాక మరేమిటి? నరసాపురం లేసు అల్లిక కూడా మిషనరీల ఇండ్లలో మొదలైనదే. వీధి అరుగుల మీద ఇప్పటికీ స్త్రీలు క్రోషే సూదులతో అల్లుతూ కనిపిస్తారు. 2024లో ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అల్లే చేతులకు దక్కే కూలి మాత్రం ఎప్పుడూ తక్కువే.

వశిష్ఠ పాయ గట్టున రేవు దగ్గర కూర్చొని తెచ్చుకున్న పులిహోర విప్పాము. అవతలి ఒడ్డు సఖినేటిపల్లి లంకలో వరద మరకలు గోడల మీద ఇంకా కనబడుతున్నాయి. పెద్దమ్మ కొంగు తలమీదికి లాక్కుంది. తానే మొదలుపెడుతుందని కళ్లు మూసుకున్నాము. కొంచెంసేపు నిశ్శబ్దం. తరువాత, "ప్రార్థన చెయ్యరా అబ్బాయ్" అంది.

యొర్దాను దాటినప్పుడు ఇశ్రాయేలీయులు నదిలోనుండి పన్నెండు రాళ్లు తీసి గిల్గాలులో నిలిపిన సంగతి యెహోషువ గ్రంథం నాలుగవ అధ్యాయంలో ఉంది. రేపు పిల్లలు వీటి సంగతి అడిగితే చెప్పడానికి. ప్రియ పాఠకులారా, ఏ సంఘంవారైనా సరే, మీ ఇంట మొదట వాక్యం విన్నదెవరు? దాని కోసం ఊరి మాటలు పడ్డదెవరు? పెద్దలు మన మధ్య ఉండగానే అడగండి. ఆ పేర్లు, ఊరు, తెలిస్తే సంవత్సరం, మీ కుటుంబ బైబిలు చివరి ఖాళీ పేజీలో రాసి ఉంచండి. మేము రాజమండ్రి నుండి తిరిగి వచ్చాక రాసుకున్న మొదటి పేరు, మా పెద్దమ్మ చెప్పిన వాళ్ల నాయనమ్మ పేరు. ఆమె గోదావరి కాలువ గట్ల మీద మట్టి మోసిన కూలీ.