ఇటుక కన్నా మెత్తని మాలు

"ఎన్నేళ్లు గ్యారంటీ ఇస్తారు?" అని అడిగాను. పాత ఇంటి గోడ బాగు చేయించుకోబోయే వాళ్లెవరైనా అడిగే మాటే. ఆ పెద్ద మేస్త్రీ నవ్వలేదు, నొచ్చుకోలేదు. "గోడలో ఏముందో నాకింకా తెలీదు కదండీ" అన్నాడు. ఆ పొద్దున్నే వచ్చి వెళ్లిన మరో మేస్త్రీకి మాత్రం ఇలాంటి సందేహాలేవీ లేవు. వాకిట్లో నిలబడే లెక్క చెప్పేశాడు. పాత పూతంతా కొట్టేయాలి, నీళ్లు దిగని మందు కలిపి సిమెంటు పూయాలి, ఇక ఇరవై ఏళ్లు అటు చూడక్కర్లేదు. నా మనసు ఆ కాసేపూ అతని వైపే మొగ్గింది.

కోనసీమలో మా తాతగారి నాటి ఇల్లు అది. రాతి పునాది, దాని మీద డంగు సున్నంతో కట్టిన ఇటుక గోడలు, పైన పెంకు. పడమటి గోడ నడుం ఎత్తు దాకా ఎప్పుడూ చెమ్మగా ఉండేది. తెల్లగా ఉప్పు పూసేది, పెచ్చులు రాలేవి. నాన్నగారి హయాంలో ఆ కింది భాగానికి సిమెంటు పూత వేయించారు. ఆ పూత ఇప్పటికీ రాయిలా ఉంది. దాని వెనక ఉన్న ఇటుక మాత్రం పొడైపోతోంది. కాపు కాయాల్సింది క్షేమంగా ఉండి, కాపాడవలసింది పోతోందంటే ఎవరికైనా అనుమానం రావాలి. మా ఇంట్లో ఎవరికీ రాలేదు. ఇంకాస్త గట్టి సిమెంటు వేస్తే సరిపోతుందనే అనుకునేవాళ్లం.

పెద్ద మేస్త్రీ గోడను ముట్టుకునే ముందు ఇంటి చుట్టూ తిరిగాడు. చూరు నీళ్లు ఎక్కడ పడుతున్నాయో చూశాడు. నూతి దగ్గర వాడిన నీళ్లు ఎటు పోతాయని అడిగాడు. తర్వాత వీధిలోకి వెళ్లి, అక్కడి నుంచి ఇంటి వైపు చూస్తూ నిలబడ్డాడు. మా చిన్నతనంలో వీధిలోంచి మెట్లెక్కి అరుగు మీదికి వచ్చేవాళ్లం. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది పోశారు, మెట్లు ఒక్కొక్కటే మునిగిపోయాయి. పెరట్లోనూ అంతే. నూతి చుట్టూ గచ్చు చేసినప్పుడల్లా కాస్త మట్టి పోసి ఎత్తు పెంచారు. నేల తడి ఇటుకకు అంటకూడదనే కదా ఆనాటి వాళ్లు కింద రాయి పెట్టింది! ఆ రాయి చాలావరకు మట్టిలోకి పోయింది. ఇటుక నేరుగా తడి నేలను ఆనుకుని నీళ్లు పీలుస్తోంది. "ముందు మట్టి తీయించండి. గోడ సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. నేను పిలిచింది గోడకి. అతను మాట్లాడుతున్నది నేల గురించి, రోడ్డు గురించి. కాస్త విసుగు పుట్టిన మాట నిజమే.

అంతకన్నా విసుగు పుట్టించిన మాట ఇంకొకటి ఉంది. ఒక అడుగు మేర గోడ విప్పి చూస్తానన్నాడు, దానికి కూలి వేరే ఇమ్మన్నాడు. చూశాక ఎంతవుతుందో, అసలు తను చేయగలడో లేదో చెప్తానన్నాడు. "పనేమీ మొదలెట్టకుండానే డబ్బులా? కాలం సాగదీస్తున్నాడు" అన్నారు మా చిన్నాన్న. నాకూ ఆ అనుమానం రాకపోలేదు. డాక్టరు పరీక్షలు రాస్తే మారుమాట లేకుండా డబ్బు కట్టి వస్తాం. మేస్త్రీ పరీక్ష చేస్తానంటే మాత్రం చెయ్యి జేబులోకి పోదు. అతని దగ్గర మనం కొనేది చేతులనే అనుకుంటాం కాబోలు. చూపుకి వెల ఉంటుందని ఒప్పుకోవడం మనకు కష్టం.

సరే, విప్పాడు. మిషను తేలేదు. చిన్న సుత్తి, ఉలి, అంతే. అంగుళం మందాన సిమెంటు పెచ్చు ఊడి పడింది. వెనక గోడ తడితడిగా ఉంది, ఇటుక ముక్కలు వేళ్ల మధ్యే నలిగిపోయాయి. తర్వాత నన్ను గోడ పైభాగానికి పిలిచాడు. సిమెంటు తగలని చోట ఇటుకల మధ్య పాత సున్నం మాలు పొడిగా ఉంది. గోరుతో గీకి చూపించాడు. సన్నటి గీత పడింది. "ఇలా ఉండాలండి. ఇటుక కన్నా మాలు మెత్తగా ఉండాలి" అన్నాడు.

ఆ మాట నాలో చాలాకాలం నానింది. ఇటుక కన్నా దాన్ని పట్టి ఉంచేది గట్టిగా ఉండాలనే ఇన్నాళ్లూ నా నమ్మకం. అతను చెప్పినదాని ప్రకారం జరిగేది వేరు. ఎండకి, తడికి గోడ కదులుతుంది. ఆ కదలికను మెత్తని మాలు తనలోకి తీసుకుంటుంది. గోడలో దూరిన నీరు సందుల్లోంచి ఆవిరై పోతుంది, వెంట తెచ్చిన ఉప్పు అక్కడే గడ్డకడుతుంది. కొన్నేళ్లకు పాడయ్యేది సందే. దాన్ని గీకి మళ్లీ నింపుకుంటే సరి, ఇటుకకు ఏమీ కాదు. సిమెంటు పట్టించిన చోట ఆ దారి మూసుకుపోతుంది. నీరు ఇటుకలోంచే బయటపడాలని చూస్తుంది, ఉప్పు ఇటుక లోపలే గడ్డకట్టి దాని ముఖాన్ని పగలగొడుతుంది. సందు పాడైతే నింపుకోవచ్చు, ఇటుక పోతే దాన్ని పీకి కొత్తది పెట్టాలి.

ఊళ్లోని మేస్త్రీకి తెలిసిన ఈ సంగతి పెద్ద పెద్ద కట్టడాల దగ్గరా రుజువవుతోందని తర్వాత తెలిసింది. హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధులను ఆగాఖాన్ ట్రస్టు ఫర్ కల్చర్ 2013 నుంచి పునరుద్ధరించింది. అక్కడ చేసిన ముఖ్యమైన పనుల్లో ఒకటి, గత శతాబ్దపు మరమ్మతుల్లో వేసిన సిమెంటును ఊడదీసి మళ్లీ సున్నం పూయడం. పోర్ట్‌లాండ్ సిమెంటుకు జోసెఫ్ ఆస్ప్‌డిన్ ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నది 1824లో. మన పల్లెలకు అది చేరడానికి ఇంకా ఎంతో కాలం పట్టింది. మా జిల్లాలకు అన్నం పెట్టిన ధవళేశ్వరం పాత ఆనకట్ట 1852లో పూర్తయింది రాయీ సున్నంతోనే. సున్నపురాయిని తొమ్మిది వందల డిగ్రీల వేడిలో కాల్చి, నీళ్లలో విరిచి, ఇసుకతో కలిపి గోడలో పెడితే, అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని నెమ్మదిగా మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. ఏళ్లు పట్టే పని అది. మనకు మాత్రం పండగలోపు అయిపోవాలి.

ఇంతా విని సున్నం భక్తుణ్ణైపోయి, వెనక వంటగది గోడకూ సున్నమే వాడమన్నాను. పెద్ద మేస్త్రీ ఒప్పుకోలేదు. "అది సిమెంటుతో కట్టిందండి. దానికి సిమెంటే." అక్కడ ఒకటికి ఆరు పాళ్ల మాలు కలిపించాడు. ఇటుకల్ని బుడగలు ఆగిపోయేదాకా నీళ్లలో నానబెట్టాడు, పొడి ఇటుక మాలులోని నీళ్లు లాగేసి దాన్ని చచ్చుగా చేస్తుందని. భోజనాల వేళకి తట్టలో గట్టిపడిన మాలులో కూలి కుర్రాడు నీళ్లు పోయబోతే ఆపి పారబోయించాడు. నాకు ఆ సిమెంటు వృథా అనిపించింది, పైకి అనలేదు. కలిపిన సిమెంటు మాలును రెండు గంటల లోపు వాడెయ్యాలని నియమాలు చెబుతున్నాయని తర్వాత చదివాను.

ముందు గది కమాను మీద ఒక బీట ఉంది. దాన్నీ పూడ్చమన్నాను. చాలాసేపు చూసి, "ఇది నా పని కాదండి. ఇంజినీరుగారికి చూపించండి" అన్నాడు. బీటకు అడ్డంగా సన్నటి గాజు ముక్క అంటించి, పక్కన పెన్సిలుతో తేదీ రాశాడు. గోడ ఇంకా కదులుతుంటే గాజు పగులుతుందట. మా నేల వానలకు ఉబ్బి ఎండలకు నెర్రెలిచ్చే రకం. ఆ బీట పాతదో, ఇంకా సాగుతున్నదో తేలకుండా పూడిస్తే రంగు వేసి దాచినట్టే అవుతుంది. వచ్చే డబ్బును వద్దని, తనకు తెలియనిది తెలియదని చెప్పిన ఆ నిమిషంలోనే అతని మీద నాకు గురి కుదిరింది. అంతకుముందు గ్యారంటీ ఇవ్వకపోవడాన్ని చేతకానితనంగా చూశాను. రెంటిలోనూ ఉన్నది ఒకే నిజాయితీ కదా అని అప్పుడు తోచింది.

మరి ఆ ఇరవై ఏళ్ల మాట నాకెందుకు అంత నచ్చింది? ఇక ఈ గోడ గురించి ఆలోచించనక్కర్లేదన్న నిశ్చింత అందులో ఉంది. పెద్దల ఇళ్లు మిగుల్చుకున్నవాళ్లం చాలామందిమి ఇలాగే ఉన్నాం. ఇల్లు ఉండాలి, దాని బెంగ మాత్రం ఉండకూడదు. మన తాతలు ఏటా వానలకు ముందు పెంకు సర్దించేవారు, పండగకు వెల్ల వేయించేవారు. అదంతా పేదరికమని, ఒక్కసారి గట్టిగా చేయించుకుంటే అయిపోయేదని అనుకుంటూ వచ్చాం. ఏటేటా చూసుకోవడమే ఆ ఇళ్లను అన్నాళ్లు నిలబెట్టిందేమో. నేనిక్కడ కచ్చితంగా చెప్పలేను గానీ, ఆ సిమెంటు పూత వెనక ఇటుకను చూశాక అటువైపే నమ్మకం కలుగుతోంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. గుత్తకిస్తే తొందర, రోజుకూలికిస్తే తాత్సారం అని మనకు తెలిసిందే. కొత్త గోడకు గుత్త బాగానే ఉంటుంది. పాత గోడలో విప్పితే గానీ ఏముందో తెలియదు కాబట్టి, గుత్తకు ఒప్పుకున్నవాడు కనిపించిన చెడుగును కప్పేయాలనే చూస్తాడు. అతని తప్పు కాదది, బేరంలోనే ఉంది. మేము రోజుకూలికే ఒప్పుకున్నాం. మాలు పాళ్లు, సందు ఎంత లోతు గీకాలి, ఎన్నాళ్లు తడపాలి అన్నవి కాగితం మీద రాసుకున్నాం. చివరి భాగం డబ్బు వానాకాలం వెళ్లాక ఇచ్చేట్టు అతనే చెప్పాడు.

మట్టి తీయించి, పునాది రాయి బయటపడేలా గోడ వెంట కంకర పోయించాం. సిమెంటు ఊడదీశాక ఎండాకాలమంతా గోడను అలాగే వదిలేశాడు. చూడటానికి అసహ్యంగా ఉండేది, వచ్చినవాళ్లంతా పని ఆగిపోయిందా అని అడిగేవారు. తేలిన ఉప్పును పొడి కుంచెతో దులిపించాడే తప్ప కడగనివ్వలేదు, కడిగితే అది కరిగి మళ్లీ లోపలికే పోతుందని. పొడైన ఇటుకల్ని ఒక్కొక్కటే తీసి, కూలిన ప్రహరీలోని పాత ఇటుకలు పెట్టాడు. సందులు నింపాక తడి గోనెపట్టాలు వేలాడదీశాడు. పైన పలుచటి సున్నం పూతలు, చివర వెల్ల. ప్లాస్టిక్ రంగు వద్దన్నాడు.

ఇప్పటికీ ముసురు పట్టినప్పుడు గోడ అడుగున కాస్త చెమ్మ కనిపిస్తుంది. అలా ఉంటుందని ముందే చెప్పాడు. ఎండ కాయగానే ఆరిపోతోంది. కమాను మీద గాజు ముక్క పగల్లేదు, ఇంజినీరు ఇంకా చూడాల్సే ఉంది. మీరూ పాత గోడ ఒకటి బాగు చేయించబోతుంటే, మొత్తం పనికి ఒప్పుకునే ముందు ఒక అడుగు మేర విప్పి చూడమని మేస్త్రీని అడగండి, ఆ చూసినదానికి కూలి విడిగా ఇవ్వండి.