చీలిన నాదం

మాఘమాసం చివరికి గుంటూరు, ప్రకాశం మైదానాలలో ప్రత్తి తీత ముగింపుకు వస్తుంది. కల్లాలలో మిరపకాయలు ఎర్రగా ఎండుతుంటాయి. మహాశివరాత్రికి నేటి పల్నాడు జిల్లాలోని కోటప్పకొండకు ప్రభలు కదలి వెళతాయి. చేతిలో నాలుగు డబ్బులాడే ఆ రోజులలోనే ఊరూరా పౌరాణిక నాటకాలు జరిగేవి. ట్రాన్సిస్టర్లు వ్యాపించకముందు ఆ నాటకాలకు గొంతునిచ్చినది వాల్వు మైకుసెట్టు.

వేదిక ప్రక్కన చిన్న బల్ల. దానిమీద ఇనుప పెట్టె. అందులో నిప్పుకణికల వలె వెలిగే గాజు వాల్వులు. చెట్టుకొమ్మకు కట్టిన రేకు హారన్. ఆ పెట్టె ముందు కూర్చున్న మైకు మనిషి నాటకం చూసేవాడు కాడు. నటుని మెడను చూసేవాడు. మైకు లేని కాలంలో గొంతు పెంచుకొన్న నటుడు పద్యం చివర తారస్థాయిలో రాగం అందుకొని మైకు మీదికి వంగితే, ఆ రాగం కాస్తా చీలిపోయేది. స్థానం నరసింహారావు పుట్టిన బాపట్ల, ఈలపాట రఘురామయ్య పుట్టిన సుద్దపల్లి ఈ నేలవే. ఇక్కడి శ్రోతలు రాగం చెడితే ఊరుకొనేవారు కారు. తప్పు నటునిదైనా తిట్లు మాత్రం మైకు మనిషికే!

ఎందుకు చీలేది? వాల్వు తనకు అందిన చిన్న తరంగాన్ని పెద్దది చేస్తుంది. ఆ శక్తికి ఒక హద్దు ఉంది. హద్దు మించి తోస్తే తరంగ శిఖరాలు అణగిపోతాయి. అప్పుడు మూలంలో లేని స్వరాలు పుడతాయి. షడ్జం పంపితే దాని వెంట పై షడ్జం, ఆపైన పంచమం పలుకుతాయి. ఒంటరి స్వరానికి ఇది అలంకారమే. కాని ఒకే మైకులోకి పద్యం, హార్మోనియం, తబలా కలిసి ప్రవేశిస్తే వాటి నడుమ కూడికలు, తీసివేతలు జరిగి ఏ శ్రుతికీ చెందని రొద బయలుదేరుతుంది.

ఈ లోపాన్నే సముద్రాలకు ఆవల గిటారు వాద్యకారులు కోరి తెచ్చుకొన్నారు. కింక్స్ బృందానికి చెందిన డేవ్ డేవీస్ 1964లో ఒక పాట కోసం స్పీకరు అట్టను బ్లేడుతో కోసి మరీ చీలిన ధ్వనిని రాబట్టాడు. అంత శ్రమ లేకుండా కాలితో నొక్కే చిన్న పెట్టెలూ ఉన్నాయి. వీటిని పెడళ్లు అంటారు. బూస్ట్ పెడల్ గిటారు నుండి వచ్చే సంకేతాన్ని పెంచి, యాంప్లిఫయరులోని మొదటి వాల్వును హద్దు దాటిస్తుంది. మైకు మీదికి వంగిన నటుడు చేసినది సరిగ్గా ఇదే. ఓవర్‌డ్రైవ్ పెడల్ అయితే తానే కొంత చీల్చి పంపుతుంది. అనుభవజ్ఞులు దానిలోని డ్రైవ్ నాబును తగ్గించి, లెవెల్ నాబును పెంచి, అసలు పనిని వాల్వుకే వదిలివేస్తారు. యాంప్లిఫయరు ముందే హద్దు దగ్గర ఉంటే, పెడల్ నొక్కినప్పుడు శబ్దం అంతగా పెరగదు. స్వరం చిక్కబడి ఎక్కువసేపు నిలుస్తుంది. రెండు నాబులనూ చివరికంటా తిప్పి, ఆ రొదనే సంగీతమనుకొనేవారూ లేకపోలేదు.

కూడికల బెడద గిటారుకూ తప్పలేదు. చీలిన ధ్వనిలో గాంధారం చేరితే మాధుర్యం పోయి మడ్డి మిగులుతుంది. అందుకే వారు తరచుగా గాంధారాన్ని విడిచి షడ్జ పంచమాలనే మీటుతారు.

మైకు మనిషికి అలా దేనినీ విడిచిపెట్టే వీలు లేదు. పద్యంలో ప్రతి అక్షరమూ చివరి వరుసలోని ఎడ్లబండి దాకా చేరాలి. రాగం మొదలైన తరువాత నాబు తగ్గిస్తే ఆలస్యమైనట్లే. అంతకు ముందే, చివరి పాదంలోనే, రవ్వంత వెనక్కు తిప్పాలి. అందుకోసం నటులతోపాటు అతడూ పద్యాలను కంఠస్థం చేయవలసి వచ్చేది. రాగం చీలకుండా ముగిసినప్పుడు జనం "వన్స్ మోర్" అని కేకలు వేసేవారు. నటుడు నమస్కరించేవాడు. మైకు మనిషి మళ్లీ నాబు మీద వేళ్లు ఆనించేవాడు.