నీళ్లు ఎటు పోతున్నాయి?

మా కారు నా చేతికి వచ్చేసరికే ముసలిది. దుమ్ముగూడెం మండలంలో గూడేనికీ బడికీ మధ్య తిరగడానికి అది చాలు. రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతున్నాయని మొదటి వేసవిలోనే తెలుసు. పొద్దున్నే ఒక సీసాడు పోసి బయలుదేరేవాణ్ణి. కోయ మాటలో ఏర్ అంటే నీళ్లు, తెలుగులో ఏరు అంటే వాగు. నేను బోరు నీళ్లూ వాగు నీళ్లూ రెండూ పోశాను. పోసినవి ఎటు పోతున్నాయని మాత్రం ఒక్కనాడూ వంగి చూడలేదు.

ఒక వానాకాలం రాత్రి మా బడిలో మూడో తరగతి పిల్లాడికి చలిజ్వరం వచ్చింది. ఒళ్లు కాలిపోతోంది. వాళ్ల నాన్నను, పిల్లాణ్ణి ఎక్కించుకుని భద్రాచలం బయలుదేరాను. పర్ణశాల అడ్డరోడ్డు దాటాక ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీత మీదికి పోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి.

"పొగ లేస్తంది సారూ!" అంటూ పిల్లాడి నాన్న దిగి, తువ్వాలు చేతికి చుట్టుకుని మూత తిప్పబోయాడు.

"ముట్టుకోకు మామా!" అని అరిచాను.

వేడి మీద ఆ మూత తీస్తే మరిగే నీళ్లు మొహాన చిమ్ముతాయి. ఇంజిన్ ఆపి, పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్నాం. ఎంతసేపో చెప్పలేను, నాకు తెల్లారినట్టే అనిపించింది. ఒక ఆటో వచ్చింది. పరీక్షలో మలేరియా అని తేలింది. పిల్లాడు కోలుకున్నాడు. ఆటో రాకపోతే అన్న మాట ఆ తండ్రి ఇప్పటికీ నాతో అనలేదు. అందుకే నాకు మరీ కష్టం.

ఆదివారం ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మూత తీశాను. లోపల నీళ్లు ఎర్రమట్టి రంగు, అంతా తుప్పు. నిండా నీళ్లు పోసి, పాఠ్యపుస్తకాలు వచ్చిన అట్టపెట్టెను విప్పి బండి కింద పరిచాను. మూత బిగించి ఇంజిన్ నడిపాను. పావుగంటకు అట్ట మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి. చుక్క పడిన చోటే చిల్లు ఉంటుందనుకోవద్దు. నీరు జారుతుంది, ఫ్యాను గాలికి పక్కకు ఎగురుతుంది. తడి ఎక్కడ మొదలైందో, అన్నిటికన్నా పైనున్న ఆ చోటు వెతకాలి. ఇంజిన్ ఆపి టార్చితో చూస్తే కింది గొట్టం అతుకు దగ్గర తెల్లటి పొక్కు కట్టి ఉంది. క్లిప్పు తుప్పు పట్టింది, గొట్టం చివర పగిలింది.

బయట ఎక్కడా తడి లేకుండా నీళ్లు తగ్గుతుంటే, ఆయిల్ పాల టీ రంగుకు మారితే, అది ఇంటి దగ్గర చేసే పని కాదు. మెకానిక్ దగ్గరికి పోవాల్సిందే.

పక్కింటి బావ పసుపు పొయ్యమన్నాడు. లారీలవాళ్లు పోస్తారు, చిన్న చిల్లు కొన్నాళ్లు మూసుకుంటుంది కూడా. కానీ సన్నని గొట్టాలు కూడా మూసుకుపోతాయి. పొయ్యలేదు. ఇంజిన్ మళ్లీ చల్లారాక నీళ్లు బేసిన్‌లోకి వదిలి, గొట్టం చివర అంగుళం కోసేశాను. కోసింది వంటింటి కత్తితో. ఆ మాటలు ఇక్కడ రాయను. గొట్టం ఎక్కే పైపును గరుకు కాగితంతో రుద్ది, కొత్త క్లిప్పు బిగించాను. నీళ్లు తేటగా వచ్చేదాకా నాలుగైదుసార్లు కడిగాను.

తర్వాత కూలెంట్. ఇథిలీన్ గ్లైకాల్, నీళ్లు సగం సగం కలిస్తే మరిగే వేడి 100 డిగ్రీలు దాటి సుమారు 107 దాకా పోతుంది. మూత బిగించి ఒత్తిడి పెరిగితే ఇంకా పైకి. తుప్పు పట్టనివ్వని మందు కూడా అందులోనే ఉంటుంది. డి.ఎడ్‌లో ప్రెషర్ కుక్కర్ ఉదాహరణ రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి, అదే పాఠం నా బానెట్ కింద ఉందని తోచలేదు! చల్లటి ఇంజిన్‌లో కూలెంట్ పోసి, మూత తీసే ఉంచి నడిపాను. బుడగలు ఆగాక తగ్గినంత పోసి మూత పెట్టాను. ఒక హెచ్చరిక: కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. పిల్లలు, కుక్కలు, కోళ్లు ముట్టకుండా చూడాలి. పాతది వాగులో పారబొయ్యకూడదు.

పది రోజులకు ఆ పిల్లాడు బడికొచ్చాడు. నేను కారు ఆపగానే కిందికి దూరి చూసి, "తడి లేదు సారూ" అన్నాడు. ఇప్పుడు రోజూ చూస్తాడు.